‘బ్లాస్ట్ ఆఫ్ సైలెన్స్’లో హంతకుణ్ణి వెంటాడే ఆ గొంతు ఎవరిది?

అర్ధరాత్రి ఆట:

అలెన్ బ్యారన్ దర్శకత్వంలో 1961లో విడుదలైన ‘బ్లాస్ట్ ఆఫ్ సైలెన్స్’ను ఇటీవల చూశాను. కథ రాసిందీ, దర్శకత్వం వహించిందీ, ప్రధాన పాత్ర పోషించిందీ ఆయనే. నిడివి 77 నిమిషాలు మాత్రమే. పాత నేరచిత్రాల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ పేరు అరుదుగా వినిపిస్తుంది కనుక, చూడనివారికి కూడా అర్థమయ్యేలా ముందు కథ చెప్పి, ఆ తరువాత నా సందేహం అడుగుతాను. ముగింపును దాచి ఈ ప్రశ్న అడగడం కుదరదు; ఏమీ తెలియకుండా చూడదలచినవారు ఇక్కడే ఆగడం మంచిది.

ఫ్రాంకీ బోనో క్లీవ్‌లాండ్‌కు చెందిన కిరాయి హంతకుడు. క్రిస్మస్ రోజుల్లో రైలెక్కి న్యూయార్క్ వస్తాడు. ట్రోయానో అనే రెండో శ్రేణి ముఠా నాయకుణ్ణి చంపడం అతనికి అప్పగించిన పని. స్టాటెన్ ఐలాండ్ వెళ్ళే ఫెర్రీలో సగం సొమ్ము చేతికి వస్తుంది. మిగతా సగం పని ముగిశాక ఇస్తామని చెబుతారు. సైలెన్సర్ ఉన్న తుపాకీ కోసం బిగ్ రాల్ఫ్ అనే వ్యాపారి దగ్గరికి వెళతాడు. ఇరుకు గదిలో బోనుల నిండా ఎలుకల్ని పెంచుకుంటూ ఉండే ఆ భారీ మనిషిని చూసినవారు మరచిపోలేరు. ఈలోపు అనాథాశ్రమంలో తనతో పాటు పెరిగిన పీటీ అనుకోకుండా ఎదురుపడతాడు, అతని సోదరి లోరీతో పాత పరిచయం మళ్ళీ మొదలవుతుంది. ఫ్రాంకీ ఎవరి వెంట తిరుగుతున్నాడో కనిపెట్టిన రాల్ఫ్ అతణ్ణి బెదిరించి ఎక్కువ డబ్బు గుంజాలని చూసి ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ తరువాత ఫ్రాంకీ, తాను ఈ పని చేయలేనని ఫోన్ చేసి చెబుతాడు. ఒప్పుకున్న పని నుంచి తప్పుకునే వీలు లేదన్న జవాబు వస్తుంది. చివరికి ట్రోయానోను చంపి, మిగతా సొమ్ము తీసుకోవడానికి నగరం అంచున ఉన్న బురద నేలల్లోకి వెళ్ళి, అక్కడ తానే తూటాలకు గురవుతాడు.

కథలో నాకు సందేహమేమీ లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది వ్యాఖ్యానం. మొదటి క్షణం నుంచి చివరిదాకా ఒక బొంగురు గొంతు ఫ్రాంకీని నువ్వు, నువ్వు అంటూ సంబోధిస్తూనే ఉంటుంది. అతను నొప్పిలో పుట్టాడని, ఒంటరిగా ఉన్నప్పుడే అతనికి నిమ్మళంగా ఉంటుందని, ఎదురుగా కనిపిస్తున్న మనిషి ద్వేషించదగినవాడని అదే చెబుతుంది. ఈ తరహా చిత్రాల్లో కథానాయకుడే తన కథ చెప్పుకోవడం, లేదా వార్తాచిత్రంలో మాదిరి బయటి వ్యక్తి ఎవరో వివరించడం మనకు అలవాటే. ఇక్కడ ఆ రెండూ కావు. అది అంతరాత్మ అనుకుందామంటే ఫ్రాంకీకి గుర్తుండే అవకాశమే లేని అతని పుట్టుక సంగతి కూడా దానికి తెలుసు. రచయిత గొంతు అనుకుందామంటే తాను సృష్టించిన పాత్ర మీద అంత కసి ఎందుకో అర్థం కాదు. ఇంతకూ ఆ గొంతు ఎవరిది? ఆ వ్యాఖ్యానాన్ని పూర్తిగా తీసేస్తే చిత్రం ఇంకా బలంగా ఉండేదా? ఇలాంటి చిత్రాన్ని తీయగలిగిన దర్శకుడి పేరు ఆ తరువాత ఎందుకు వినిపించలేదన్నది కూడా, తెలిసినవారు ఉంటే చెప్పగలరు.

పాత రీలు:

మీ మొదటి ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి చరిత్రకు సంబంధించినది, రెండోది చిత్రానికి సంబంధించినది. మొదటిది తెలిస్తే రెండోది కొంత తేలికవుతుంది.

టైటిల్స్‌లో వ్యాఖ్యాన రచయితగా మెల్ డావెన్‌పోర్ట్ అనే పేరు కనిపిస్తుంది. అది మారుపేరు, రాసినవారు వాల్డో సాల్ట్. అమెరికా ప్రతినిధుల సభకు చెందిన విచారణ సంఘం చిత్ర పరిశ్రమలో కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న కాలంలో, 1951లో ఆ సంఘం ముందు సహకరించడానికి నిరాకరించి నల్లజాబితాకు ఎక్కిన రచయిత ఆయన. సొంత పేరుతో పని దొరకని ఆ సంవత్సరాల్లో మారుపేర్లతోనే రాస్తూ వచ్చారు. ఇక ఆ బొంగురు గొంతు లయొనెల్ స్టాండర్‌ది. ఆయన పేరైతే తెర మీద అసలు కనిపించదు. 1930లలో హాలీవుడ్‌లో సహాయ పాత్రలకు బాగా పేరున్న ఈ నటుడు 1953లో అదే సంఘం ముందు హాజరై, ప్రశ్నలకు జవాబు చెప్పడానికి బదులు ఆ సంఘాన్నే నిలదీశారు. నల్లజాబితా వల్ల సినిమాలు దూరమై, కొంతకాలం షేర్ల బ్రోకరుగా కూడా బతికారు.

అంటే ఈ చిత్రంలో మనం వింటున్నది, తన పేరు వేసుకోలేని రచయిత రాసిన మాటలను తన పేరు వేయించుకోలేని నటుడు చదవడం. ఈ సంగతి తెలిశాక కొందరు ఒక అడుగు ముందుకు వేసి, ఆ వ్యాఖ్యానం మొత్తం నల్లజాబితా మీద విసిరిన వ్యంగ్యమని చెబుతుంటారు. నాకు అది అతి అనిపిస్తుంది. అయినా ఆ మాటల్లోని కసి ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పైవాళ్ళ ఇష్టం మీద బతుకుతూ, వాళ్ళు కాదనగానే లేకుండా పోయే మనిషి స్థితి ఎలా ఉంటుందో ఆ ఇద్దరికీ ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇప్పుడు చిత్రంలోకి వద్దాం. ఆ గొంతును అంతరాత్మగా తీసుకుంటే లెక్క కుదరదన్న మీ మాట సరైనదే. నేనైతే దాన్ని ఆ వృత్తి గొంతుగా వింటాను. మనిషి తప్పుదారి పట్టినప్పుడు అంతరాత్మ వెనక్కి లాగుతుంది. ఇది మాత్రం ఫ్రాంకీ వెనక్కి తగ్గబోయిన ప్రతిసారీ ముందుకు తోస్తుంది. జనంతో కలవవద్దంటుంది, పాత జ్ఞాపకాలను తవ్వవద్దంటుంది, ఎదుటివాణ్ణి ద్వేషించడం నేర్పుతుంది. అతణ్ణి పనిముట్టులా పదును పెట్టి ఉంచడమే దానికి కావలసింది. అందుకే అది చెప్పినదంతా నిజమని నమ్మకుండా, అదే సమయంలో తెర మీద ఏం కనిపిస్తున్నదో గమనించండి.

క్రిస్మస్ వేడుక సన్నివేశాన్నే చూడండి. పీటీ బలవంతం మీద వెళ్ళిన ఫ్రాంకీ, అందరి మధ్యా నేల మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి, ముక్కుతో వేరుశనగ గింజను నెట్టే పందెంలో దిగుతాడు. మనుషుల్ని చంపి బతికేవాడు అంత చిన్నపిల్లల ఆటలో పడడం నవ్వు తెప్పించవలసింది పోయి ఒక విధమైన బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ కాసేపు అతని ముఖంలో కాపలా ఉండదు. ఒంటరితనమే నీకు హాయి అని గొంతు చెబుతున్న మనిషి ఇతనే. అలాగే వెలుగులతో నిండిన దుకాణాల అద్దాల ముందు, రాక్‌ఫెల్లర్ సెంటర్ దగ్గర పండగ జనం మధ్య అతను నడిచే దృశ్యాలను చూడండి. జనం అంటే అసహ్యం ఉన్నవాడు అక్కడ అంతసేపు తిరగనక్కరలేదు. గొంతు చెప్పేదానికీ కెమెరా చూపేదానికీ మధ్య ఉన్న ఆ తేడాలోనే ఫ్రాంకీ అనే మనిషి దొరుకుతాడు. వ్యాఖ్యానం తీసేస్తే ఆ తేడా పోతుంది. మిగిలేది నిశ్శబ్దంగా తిరిగే మరొక కఠినుడైన హంతకుడు మాత్రమే.

కత్తెర పెట్టె:

పాత రీలు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు కానీ, వ్యాఖ్యానం గురించి ఆయన చేసిన వాదన చిత్రానికి ఉన్నదానికంటే ఎక్కువ తెలివిని ఆపాదిస్తున్నదని నా అభిప్రాయం. దీన్ని కూర్పు (ఎడిటింగ్) బల్ల వైపు నుంచి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది.

ఈ చిత్రంలో ఎంత భాగం వీధుల్లో తీశారో గమనించండి. చిన్న బృందం, తేలికైన కెమెరా, నిజమైన నగరం. నిర్మాత అయిన మెరిల్ బ్రోడీయే ఛాయాగ్రహణం కూడా చేశారు. ఇలా తీసిన దృశ్యాలకు అక్కడికక్కడే మాటలు, శబ్దాలు రికార్డు చేయడం దాదాపు అసాధ్యం. అందుకే ఫ్రాంకీ నడిచే, వెంబడించే, కారులో కూర్చుని కాపు కాసే దృశ్యాలన్నీ మాటలు లేకుండానే ఉంటాయి. వాటి మీద సంగీతం వేయాలి, లేదా వ్యాఖ్యానం వేయాలి. ఇక్కడ రెండూ వేశారు. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునే గదుల్లోకి రాగానే గొంతు వెనక్కి తగ్గుతుంది. ఇంత కచ్చితంగా మాటలు లేని చోట్లనే పలికే గొంతును వృత్తి స్వరం అనడం కంటే, మంచి రచయిత చేత రాయించిన నాణ్యమైన అతుకు అనడం నాకు నిజాయితీగా అనిపిస్తుంది. అతుకు అనడంలో తక్కువ చేయడం ఏమీ లేదు. చేతిలో డబ్బు లేనివాళ్ళ సినిమాల్లో శైలి చాలాసార్లు ఇలాంటి అవసరాల నుంచే పుడుతుంది.

అయితే కొన్నిచోట్ల ఆ అతుకు బట్టనే కప్పేస్తుంది. ట్రోయానోను తొలిసారి చూసినప్పుడు, అతను ఎలాంటివాడో, ఆ మీసం ఎందుకు పెంచాడో, అతణ్ణి ఎందుకు ద్వేషించాలో గొంతు వరసగా వివరిస్తుంది. అక్కరలేదు. అతను కారు దిగే తీరు, అంగరక్షకులు అతని చుట్టూ సర్దుకునే తీరు కెమెరా అప్పటికే చూపించింది. వెంబడించే దృశ్యాల గొప్పదనం వాటి ఓపికలో ఉంది: ఈ మనిషి ఏ వేళకు ఎక్కడికి వెళతాడు, ఎప్పుడు పక్కన మనుషులుంటారు, ఎప్పుడు ఉండరు అని ఫ్రాంకీతో పాటు మనమూ లెక్క వేసుకుంటాం. ఉంపుడుగత్తె ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రమే ట్రోయానో ఒంటరిగా ఉంటాడని తేలినప్పుడు, చావు ఎక్కడ జరగబోతున్నదో ఎవరూ చెప్పకుండానే మనకు అర్థమవుతుంది. అలాంటి చోట చెవిలో ఎవరో గొణుగుతుంటే నాకు విసుగు కలుగుతుంది.

దీనికి ఎదురుగా, అందరూ మెచ్చుకునే ఆ పొడవైన నడక షాట్‌ను పెట్టి చూడండి. ఖాళీ వీధి. కెమెరా కదలదు. దూరంగా చుక్కలా మొదలైన మనిషి, కోత లేకుండా, నడిచి నడిచి తెరను నింపేదాకా వస్తాడు. ఏ కూర్పరికైనా దాన్ని మధ్యలో కత్తిరించాలనిపిస్తుంది. కత్తిరించకపోవడం వల్లనే ఆ నగరం ఎంత పెద్దదో, అందులో అతను ఎంత చిన్నవాడో, మన దగ్గరికి చేరేసరికి ఎంత బరువుగా మారాడో తెలుస్తుంది. చిత్రంలో ఇంతటి నమ్మకం అంతటా ఉండి ఉంటే సగం వ్యాఖ్యానం అవసరపడేది కాదు.

మొదలు మాత్రం మినహాయింపు. తెరంతా చీకటి, ఆ చీకట్లో సూదిమొనంత వెలుగు, రైలు చప్పుడు, పసిబిడ్డ ఏడుపు, దాని మీద పుట్టుక గురించి ఆ గొంతు. వెలుగు పెద్దదవుతున్నకొద్దీ అది సొరంగం చివర అని, మనం రైలులో ఉన్నామని తెలుస్తుంది. ఆ ఆరంభాన్ని గొంతు లేకుండా ఊహించలేం. మేయర్ కుప్ఫర్‌మన్ ఇచ్చిన జాజ్ సంగీతం కూడా చాలాచోట్ల గొంతు కంటే ఎక్కువ పని చేస్తుంది; దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు కొంచెం కష్టంగా ఉంటుంది.

బ్యారన్ నటన గురించి కూడా ఒక మాట. ఆయన శిక్షణ పొందిన నటుడు కాదని తెలుస్తూనే ఉంటుంది. ఆ బిగుసుకుపోయిన ముఖం చాలామందికి పాత్రకు తగినట్టే అనిపించింది, నాకూ అనిపించింది. లోరీ ఇంట్లో మాత్రం ఆ బిగువు పనికిరాదు. అక్కడ లోరీగా వేసిన మాలీ మెకార్తీ ఒక్కరే సన్నివేశాన్ని మోయవలసి వచ్చింది.

అర్ధరాత్రి ఆట:

ఇద్దరికీ ధన్యవాదాలు. స్టాండర్, సాల్ట్‌ల సంగతి నాకు తెలియదు. అది తెలిశాక ఫోన్ సన్నివేశాన్ని మళ్ళీ చూశాను. పని వద్దన్నవాడికి వచ్చే జవాబు, చెవిలో నిరంతరం మాట్లాడే గొంతు ఒకే భాషలో ఉన్నాయనిపించింది. ఆ మేరకు పాత రీలు గారి వాదన నాకు దగ్గరగా ఉంది. కానీ ట్రోయానో పరిచయం విషయంలో కత్తెర పెట్టె గారితోనే ఏకీభవిస్తాను.

దీనికి అనుబంధంగా మరొకటి అడగాలి. కిరాయికి చంపేవాడికి ద్వేషం ఎందుకు? డబ్బు కోసం చేసే పనిలో ఎదుటివాడు ఎలాంటివాడైతే ఏం? గొంతు పదేపదే ద్వేషాన్ని గుర్తు చేయడం కథకు అవసరమా, లేక మనకు ట్రోయానో చావును తేలిక చేయడానికా?

గోడ మీద నీడ:

ఈ ప్రశ్నకు జవాబుగా మరొక చిత్రాన్ని పక్కన పెట్టవలసి ఉంటుంది. ఇర్వింగ్ లెర్నర్ 1958లో తీసిన ‘మర్డర్ బై కాంట్రాక్ట్’ కూడా నలుపు తెలుపే, అదీ చిన్న బడ్జెట్ సినిమాయే, అందులోనూ నాయకుడు కిరాయి హంతకుడే. దర్శకుడు మార్టిన్ స్కోర్సేసి తన మీద ప్రభావం చూపిన చిత్రాల్లో దీన్ని పేర్కొనడం వల్ల కొంత వెలుగులోకి వచ్చింది కానీ, ఇప్పటికీ చూసినవారు తక్కువే.

విన్స్ ఎడ్వర్డ్స్ పోషించిన క్లాడ్ అనే ఆ హంతకుడికి ద్వేషంతో పనే లేదు. సొంత ఇల్లు కొనుక్కోవాలి, జీతంతో అది ఎప్పటికీ కుదరదు, కనుక ఈ వృత్తి. చంపవలసిన మనిషితో తనకు ఏ సంబంధమూ లేదు కాబట్టి పోలీసులు తనదాకా రాలేరని అతని లెక్క. కోపం తెచ్చుకోడు, తన సిద్ధాంతాన్ని ఎవరు అడిగినా చల్లగా వివరిస్తాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక సాక్షిని చంపే పని మీద వెళ్ళి, కాపలాకు ఇచ్చిన ఇద్దరు మనుషులు గోళ్ళు కొరుక్కుంటుంటే, తీరిగ్గా ఈత కొట్టి చేపలు పట్టి ఊరంతా చూస్తాడు. ఆ సాక్షి ఆడమనిషి అని తెలియగానే ఆ నిబ్బరమంతా చెదురుతుంది. ఆడవాళ్ళు ఎప్పుడు ఏం చేస్తారో ముందుగా ఊహించలేమని, కాబట్టి ఎక్కువ డబ్బు కావాలని అడుగుతాడు. టెలివిజన్ సెట్‌లోకి హెచ్చు వోల్టేజీ పంపి చంపాలన్న పథకం విఫలమవుతుంది. దూరం నుంచి రైఫిల్‌తో కాల్చినప్పుడు మరొక స్త్రీ చనిపోతుంది. చివరికి ఎదురుగా నిలబడి కూడా చంపలేకపోతాడు. పెరీ బాట్కిన్ వాయించిన ఒంటరి గిటార్ తప్ప ఆ చిత్రంలో అతని లోపలి సంగతి చెప్పేవారు ఎవరూ ఉండరు. వ్యాఖ్యానం లేదు. క్లాడ్ తన గొంతుతో తానే మాట్లాడతాడు, అదే అతని సమస్య కూడా: తన సిద్ధాంతాన్ని తానే నమ్మాడు.

ఈ రెండింటినీ కలిపి చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. లెర్నర్ చిత్రం హంతకుణ్ణి వ్యాపారిగా చూస్తుంది, కాబట్టి అతనికి లెక్క చాలు. బ్యారన్ చిత్రం హంతకుణ్ణి అనాథగా చూస్తుంది. అనాథాశ్రమం నుంచి వచ్చిన ఫ్రాంకీకి ఎవరి మీదా హక్కు లేదు, అతని మీద కూడా ఎవరికీ ప్రేమ లేదు. ముందే గూడు కట్టుకుని ఉన్న ద్వేషానికి ప్రతి ఒప్పందమూ ఒక ముఖాన్ని సరఫరా చేస్తుంది. ట్రోయానోను గొంతు అంత వివరంగా వర్ణించడం కథ కోసం అనవసరమే కావచ్చు, కానీ ఫ్రాంకీకి అది పనిలో భాగం. తుపాకీ శుభ్రం చేసుకోవడం లాంటిదే. కత్తెర పెట్టె గారు తీసేయమంటున్న ఆ వర్ణన తీసేస్తే, క్రిస్మస్ రోజున లోరీ ఇంట్లో ఏం జరిగిందో అర్థం కాదు. ఆమె చూపిన మామూలు ఆదరాన్ని అతను ప్రేమ అనుకుంటాడు, ఆమె మీద బలవంతానికి దిగుతాడు, ఆమె ప్రతిఘటించగానే సిగ్గుతో కుంగిపోతాడు. ద్వేషానికి, బలవంతానికి మధ్య మరొక భాష అతనికి ఎవరూ నేర్పలేదు. తరువాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె జీవితంలో వేరొక పురుషుడు ఉన్నాడని తెలుస్తుంది. అప్పటికి ట్రోయానో బతికే ఉన్నాడు, పని మిగిలే ఉంది.

ఇక ఈ వృత్తి ఏర్పాటు గురించి ఒక సంగతి. వేరే ఊరి నుంచి మనిషిని రప్పించడం, సగం ముందు సగం తరువాత ఇవ్వడం, పని ముగిసేదాకా సంబంధం తెంచుకోవడం, ఇవన్నీ పంపినవాళ్ళ క్షేమం కోసం చేసిన ఏర్పాట్లు. ఆ గొలుసులో బలహీనమైన లంకె తుపాకీ అమ్మేవాడు, ఎందుకంటే బయటివాళ్ళలో ఫ్రాంకీ ముఖం చూసినవాడు అతనొక్కడే. బిగ్ రాల్ఫ్ ఆ సంగతి గ్రహించి బేరం పెంచాడు. అతణ్ణి చంపాక బలహీనమైన లంకె ఎవరు? పని మానుకుంటానని ఫోన్ చేసిన ఫ్రాంకీయే. రాల్ఫ్‌కు ఫ్రాంకీ చేసినదే ఫ్రాంకీకి వాళ్ళు చేశారు. ముగింపు విధి లిఖితమని చాలామంది రాస్తుంటారు. నాకు అందులో విధి కనిపించదు, జమాఖర్చులే కనిపిస్తాయి.

కత్తెర పెట్టె:

లోరీ సన్నివేశానికీ ట్రోయానో వర్ణనకూ ముడి పెట్టడం బాగుంది. నేను ఆ వైపు నుంచి చూడలేదు. అయినా ఆ వర్ణన సగానికి తగ్గించి ఉంటే ముడి ఇంకా బిగుసుకునేదనే అంటాను.

ముగింపు ప్రస్తావన వచ్చింది కనుక ఒక సంగతి. న్యూయార్క్‌లోని జమైకా బే బురద నేలల్లో తీసిన ఆ సన్నివేశంలో వీస్తున్న గాలి యంత్రాలతో పుట్టించినది కాదు. 1960 సెప్టెంబరులో న్యూయార్క్ తీరాన్ని తాకిన హరికేన్ డోనా సమయంలో దాన్ని చిత్రీకరించారు. గడ్డి నేలకు వాలిపోవడం, నీళ్ళు అడ్డంగా కొట్టుకురావడం, నడిచే మనిషి నిలదొక్కుకోలేకపోవడం అన్నీ నిజమే. నీళ్ళలో పడేది కూడా బ్యారనే, ఎందుకంటే నాయకుడు ఆయనే కదా. కథ ప్రకారం అది చలికాలం. చూస్తున్నప్పుడు మాత్రం ఎవరికీ అనుమానం రాదు. డబ్బున్న నిర్మాణ సంస్థ అయితే ఆ రోజు షూటింగ్ రద్దు చేసి ఉండేది.

పాత రీలు:

అడిగినవారి చివరి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి ఆ భాగం నేను పూర్తి చేస్తాను.

బ్యారన్ సినిమాల్లోకి రాకముందు కామిక్స్ బొమ్మలు వేసేవారు. ఫ్రేములో మనిషిని ఏ మూల నిలబెట్టాలో, ఎంత ఖాళీ వదలాలో ఆయనకు అంత బాగా తెలియడానికి అదొక కారణమై ఉండవచ్చు. ఫ్రాంకీ పాత్రకు ఆయన మొదట అనుకున్నది తనను కాదు, నటుడు పీటర్ ఫాక్‌ను. ‘మర్డర్, ఇంక్.’ అనే చిత్రంలో డబ్బు వచ్చే అవకాశం రావడంతో ఫాక్ అటు వెళ్ళారు. తమాషా ఏమిటంటే అక్కడ ఆయన వేసింది కూడా కిరాయి హంతకుడి పాత్రే, అదీ నిజజీవితంలో ఉన్న ఏబ్ రీలెస్ పాత్ర. బ్రూక్లిన్ నుంచి పనిచేసిన హంతకుల ముఠాలో ఉండి, తరువాత సాక్షిగా మారి, 1941 నవంబరులో పోలీసు కాపలాలో ఉండగానే కోనీ ఐలాండ్‌లోని హోటల్ కిటికీ నుంచి పడి చనిపోయినవాడు రీలెస్. 1960లో వచ్చిన ఆ చిత్రం ఫాక్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. ‘బ్లాస్ట్ ఆఫ్ సైలెన్స్’కు అలా నటుడు లేకుండా పోయాడు, దర్శకుడే కోటు వేసుకున్నాడు. ఫాక్ చేసి ఉంటే నటన మెరుగ్గా ఉండేదనడంలో సందేహం లేదు. కానీ ఎక్కడో చూసినట్టుండి ఎవరో గుర్తుకు రాని ఆ ముఖం ఉండేది కాదు.

యూనివర్సల్ సంస్థ చిత్రాన్ని తీసుకుని 1961లో విడుదల చేసింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. బ్యారన్ 1964లో ‘టెర్రర్ ఇన్ ద సిటీ’ తీశారు, ఆ తరువాత టెలివిజన్‌కు వెళ్ళిపోయారు. ‘కోల్‌చాక్: ద నైట్ స్టాకర్’, ‘చార్లీస్ ఏంజెల్స్’ వంటి ధారావాహికల్లో భాగాలకు దర్శకత్వం వహించారు. పేరు వినిపించకపోవడానికి కారణం ప్రతిభ అడుగంటడం కాదు; టెలివిజన్‌లో ధారావాహిక పేరే గుర్తుంటుంది, ఏ వారం ఎవరు తీశారన్నది ఎవరూ చూడరు. బిగ్ రాల్ఫ్‌గా వేసిన లారీ టకర్ మాత్రం రచయితగా మారి, 1969లో వచ్చిన ‘బాబ్ అండ్ క్యారల్ అండ్ టెడ్ అండ్ ఆలిస్’ స్క్రీన్‌ప్లేకు పాల్ మజర్స్కీతో కలిసి ఆస్కార్ నామినేషన్ పొందారు. ఎలుకల బోనుల మధ్య కూర్చున్న ఆ మనిషిని చూసి ఎవరు అనుకుంటారు!

సాల్ట్ తన సొంత పేరుతో తిరిగి వచ్చి ‘మిడ్‌నైట్ కౌబాయ్’కు, ఆ తరువాత ‘కమింగ్ హోమ్’కు ఆస్కార్‌లు గెలుచుకున్నారు. స్టాండర్ ఐరోపాలో పనిచేసి, 1979లో మొదలైన ‘హార్ట్ టు హార్ట్’ ధారావాహికతో అమెరికా ఇళ్ళన్నింటికీ పరిచయమయ్యారు. అందులో ఆయన ధనిక దంపతుల దగ్గర ఉండే ఆప్యాయమైన సేవకుడు. అదే బొంగురు గొంతు.

చిత్రం మళ్ళీ చూడాలనుకునేవారికి 2008లో క్రైటీరియన్ అనే సంస్థ తెచ్చిన డీవీడీ ఉంది. బ్యారన్ ఏళ్ళ తరువాత న్యూయార్క్‌లో తాను చిత్రీకరించిన చోట్లకు తిరిగి వెళ్ళి మాట్లాడిన డాక్యుమెంటరీ కూడా అందులో చేర్చారు. వ్యాఖ్యానం గురించి కత్తెర పెట్టె గారితో వాదించదలచినవారు, ట్రోయానో పరిచయ సన్నివేశాన్ని ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూసి, ఆ తరువాత రావచ్చు.